తడబడని అడుగు



మేము ఇండ్లు దర్శించునప్పుడు, జారిపడి తుంటి ఎముక విరిగి మంచము పట్టిన పెద్దలను చూచుచున్నాము. ఒక్క అడుగు తడబడినందున ఇంటిల్లిపాది పనులు ఆగిపోవుచున్నవి.

చైనాలో తెల్లవారగానే ముసలివారు పార్కులలో చేరి తాయ్ చీ అను సాధన చేయుదురు. హెనాన్ రాష్ట్రములోని చెన్ వారి గ్రామములో 17వ శతాబ్దమున పెరిగిన యుద్ధవిద్య ఇది. 1956లో దీనిని సామాన్య ప్రజల కొరకు 24 కదలికలకు కుదించిరి. మోకాళ్లు కొంచెము వంచి, ఒంటి బరువును ఒక కాలినుండి మరియొక కాలికి నిదానముగా మార్చుటయే ఇందలి కీలకము. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ఒళ్లు సాగదీయు వ్యాయామము చేసిన పార్కిన్సన్స్ రోగులకన్న తాయ్ చీ చేసినవారు తక్కువసార్లు పడిరి.

నేర్పువారు లేరని మనము ఊరకుండనక్కరలేదు. గోడ ప్రక్కన నిలిచి, కిటికీ ఊచ పట్టుకొని, బరువును ఆ కాలిమీదికి ఈ కాలిమీదికి మెల్లగా మార్చుదము. నిద్ర లేవగానే నడవక, కాసేపు మంచముమీద కూర్చుందము. దొడ్డిదారిలో రాత్రి దీపముంచుదము. తడి గచ్చు వెంటనే తుడుచుదము. తల తిరుగువారు మాత్రము ముందుగా వైద్యుని అడుగవలెను.

ఈ సాయంకాలమే మీ యింటి పెద్దల ప్రక్కన నిలిచి, వారితో కలిసి మొదలుపెట్టండి.