రోముకు పెట్టనికోట పౌరసత్వమే

రోమను సామ్రాజ్యం ఎందువల్ల కూలిందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: అనాగరిక జాతులను సైన్యంలో చేర్చుకొని తన గోతిని తానే తవ్వుకుందని. ఈ మాట నాకు సమ్మతం కాదు. పరాయివారిని చేర్చుకోవడం రోముకు చివరికాలంలో అంటిన జాడ్యం కాదు. దాని బలం మొదటినుండీ అదే.

క్రీ.పూ. 216లో కాన్నే వద్ద హన్నిబాల్ ఒక్కరోజులో రోమను సేనను తుడిచిపెట్టాడు. లివీ లెక్కలో హతులు సుమారు 48,000 మంది. మరొక రాజ్యమైతే సంధికి దిగివచ్చేది. కాపువా వంటి కొన్ని నగరాలు శత్రుపక్షం చేరిన మాట నిజమే గాని, లాటిన్ మిత్రనగరాలు చేరలేదు. వారి అండతో రోము మళ్లీ మళ్లీ సేనలను సమకూర్చుకుంది. క్రీ.పూ. 202లో జామా వద్ద ఓడినవాడు హన్నిబాల్.

రోమీయులు దయామయులని నేననడం లేదు. క్రీ.పూ. 146లో కార్తేజినీ కొరింతునూ నేలమట్టం చేసినవారు వారే. తమకోసం రక్తం ధారపోసిన ఇటలీ మిత్రులకు పౌరసత్వం నిరాకరించి, క్రీ.పూ. 91లో తిరుగుబాటును కొనితెచ్చుకున్నదీ వారే. అయితే మరుసటి ఏడే చట్టం చేసి, విధేయులుగా నిలిచిన మిత్రులకు ఆ హక్కునిచ్చారు. తప్పు దిద్దుకొనే వివేకం అప్పటికింకా ఉండేది. చక్రవర్తుల కాలంలో సహాయక దళాలలో 25 ఏళ్లు కొలువు చేసిన పరదేశీయుడు విరమణతో పౌరుడయ్యేవాడు. ఆ ఉత్తర్వు నకలును కంచురేకులపై చెక్కించి దాచుకొనేవాడు. క్రీ.శ. 48లో గాల్ దేశపు ప్రముఖులను సెనేటులోనికి రానివ్వడానికి పెద్దలు అభ్యంతరం చెప్పగా, క్లాడియస్ చక్రవర్తి చేసిన వాదాన్ని టాసిటస్ నమోదు చేశాడు. ఏథెన్సు, స్పార్టా అంతటి యోధుల గడ్డలై ఉండీ నశించడానికి కారణం, జయించినవారిని పరాయివారిగానే ఉంచడమని ఆ వాదం.

క్రీ.శ. 376 నాటికి ఆ బుద్ధి అడుగంటింది. హూణుల ధాటికి తాళలేక గాత్ జాతివారు డాన్యూబు తీరాన నిలిచి ఆశ్రయం కోరారు. సైన్యానికి మనుషులు దొరుకుతారన్న ఆశతో వాలెన్స్ చక్రవర్తి నది దాటనిచ్చాడు. అక్కడి అధికారులు మాత్రం వారి ఆకలితో బేరం చేశారు. తినడానికి ఒక్కొక్క కుక్కనిచ్చి ఒక్కొక్క మనిషిని బానిసగా తీసుకున్నారని, స్వయంగా రోమను సైన్యంలో పనిచేసిన చరిత్రకారుడు అమ్మియానస్ వ్రాశాడు. రెండేళ్లకు, 378 ఆగస్టు 9న, అడ్రియానోపుల్ వద్ద ఆ ఆశ్రితుల చేతిలోనే వాలెన్స్ హతుడయ్యాడు. అతని సేనలో మూడింట రెండు వంతులు నశించింది.

అయినా కళ్లు తెరవలేదు. 408లో సేనాని స్టిలికోను చంపించిన పిదప, ఇటలీ నగరాలలో ఉన్న పరజాతి సైనికుల ఆలుబిడ్డలను రోమను సైనికులే ఊచకోత కోశారు. ఆ సైనికులు వేలాదిగా వెళ్లి అలారిక్‌తో కలిశారు. 410లో రోము నగరం దోపిడీకి గురైంది.

అంతర్యుద్ధాలు, 439లో కార్తేజి వాండల్ జాతి వశమై ఆఫ్రికా ధాన్యం చేజారడం కూడా కారణాలే, కాదనను. కాని 476లో పశ్చిమ రోము పాలకుణ్ణి దించిన ఒడోఅసెర్ బయటినుండి దండెత్తి వచ్చినవాడు కాడు. రోమను కొలువులోని సైనికుడే. అతని తోటివారు కాపురముండడానికి భూమి అడిగితే ఏలికలు కాదన్నారు. పూర్వం అటువంటివానికి కంచురేకు దక్కేది. కత్తి చేతికిచ్చి, ఇంట చోటు లేదన్నవారిని ఆ కత్తి ఎంతకాలం కాపాడుతుంది?