ముగ్గురు ఓనర్లు, మూడు లెక్కలు

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం గుంటూరు మిర్చి యార్డులో, ఓ కమీషన్ కొట్టులో గుమస్తాగా. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరున్న చోటు కదా, ఘాటుకి తట్టుకుంటే చాలనుకున్నా. ఘాటు వారంలో అలవాటైంది. ఆ కొట్టు పద్ధతి మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

ఓనర్లు ముగ్గురు. అన్న లెక్క చిట్టాలో, తమ్ముడి లెక్క వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో, బావమరిది లెక్క తలకాయలో. పొద్దున ఒకరు 'తేజ బస్తాలు కోల్డ్ స్టోరేజీకి పంపెయ్' అంటారు. లారీ కదిలాక ఇంకొకరొచ్చి 'ఎవడు పంపమన్నాడు?' అంటారు. పంపమన్నాయన అప్పటికి ఫోనెత్తడు.

మార్చిలో దర్శి వైపు నుంచి ఓ పెద్దాయన సరుకు తెచ్చారు. 42 టిక్కీలు. మా చిట్టాలో 40. టిక్కీ 40 కిలోలనుకున్నా, 80 కిలోల కాయలు గాల్లో కలిసిపోయినట్టే. ఓనర్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుని భోజనాలకెళ్లారు. ఆయన నా బల్ల ముందే నిలబడ్డారు. 'కోత కూలీలకి ఇవ్వాలి బాబూ' అన్నారు. కాటా చీటీలన్నీ తిరగేస్తే సాయంత్రానికి తేలింది. రెండు టిక్కీలు వేరే రైతు పేరున రాసేశారు. ఆయన డబ్బు ఆయనకొచ్చింది. నాకొచ్చింది 'ముందే చూసుకోవద్దా?' అన్న మాట.

సీజన్లో ఎక్కడైనా ఇంతేలే అంటారు. కాదు. అదే వరసలో ఇంకో కొట్టుకి మాకంటే ఎక్కువ సరుకొచ్చేది. అక్కడ పుస్తకం ఒకటే, జవాబు చెప్పే మనిషీ ఒకరే. పని ఎక్కువుండటం వేరు, పద్ధతి లేకపోవడం వేరు. పద్ధతి లేని చోట నష్టం ఓనరు దాకా పోదు. రైతు దగ్గరో గుమస్తా దగ్గరో ఆగిపోతుంది.

జీతం అడిగితే 'సీజన్ కానీ అబ్బాయ్' అనేవారు. మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చారు, జీతం రాలేదు. మానేశా. రావాల్సిన రెండు నెలల డబ్బు నాలుగు విడతలుగా వచ్చింది. అదైనా, ఏ రోజు ఏం చేశానో ఫోన్లో రాసుకున్నాను కాబట్టి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చిన్న కొట్టయినా సరే.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీరూ రెండు ప్రశ్నలు అడగండి. నాకు పని చెప్పేదెవరు? జీతం ఏ తేదీన? చేరాక, నోటిమాటగా చెప్పిన ప్రతి పనికీ 'అన్నా, మీరు చెప్పినట్టే పంపాను' అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంచండి. వాళ్లకి లెక్క లేకపోయినా, మీకుండాలి.