చండామర్కుల భయము – నారదుని అభయము

నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిల క్షేత్రమునకు చేరే భక్తులలో కొందరు ఎగువ అహోబిలపు కొండదారిలో నడచి, మాలోల నరసింహుని సేవించి, ఆ సమీపముననే ఉన్న ‘ప్రహ్లాదబడి’ వరకు వెళ్తారు. ప్రహ్లాదుడు విద్యాభ్యాసము చేసిన గుహ అదేనని స్థానిక విశ్వాసము. అక్కడ నిలిచినవారికి శిష్యుడు స్మరణకు వస్తాడు, గురువులు రారు. వచ్చినా హాస్యపాత్రలుగానే వస్తారు. అయితే కల్లోలమైన గృహముల నుండి వచ్చిన బాలురకు చదువు చెప్పే ఉపాధ్యాయునికి చండామర్కుల కథ కంటె సన్నిహితమైన కథ పురాణములలో దొరకుట కష్టము.

వారు అజ్ఞానులు కారు. శుక్రాచార్యుని పుత్రులు, నీతిశాస్త్ర కోవిదులు. తమకు అర్థముకాని బాలుడొకడు చేతికి వచ్చినాడు. మొదట అనునయముగా అడిగినారు, పిమ్మట బెత్తము తెమ్మని గద్దించినారు. హిరణ్యకశిపుడు కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని ‘ఏమి నేర్చుకొంటివి?’ అని అడిగి, విష్ణుభక్తియే పరమ విద్య అన్న ఉత్తరము విని, గురువులపై మండిపడినాడు. అప్పుడు వారు, ‘ఇది మేము నేర్పినది కాదు, పరులు నేర్పినదీ కాదు, వీనికి సహజముగా కలిగిన బుద్ధి’ అని విన్నవించుకొన్నారు. ఆ మాటలో అసత్యము లేదు. కాని ఆ మాటతో తాము ఒడ్డున పడి, అయిదేండ్ల బాలుని తండ్రి క్రోధమునకు ఒంటరిగా వదలివేసినారు. వారిలో కొరవడినది పాండిత్యము కాదు, అభయము. తానే భయపడుతున్నవాడు పరులకు అభయమెట్లు ఇవ్వగలడు?

ఆళ్లగడ్డ ప్రాంతము దశాబ్దముల తరబడి ఫ్యాక్షన్ కక్షలతో వార్తలకెక్కినది. ఆ కక్షల లెక్కలో పడిపోయినవారి పేర్లుంటాయి గాని, వారి ఇండ్ల నుండి మరునాడు బడికి వచ్చిన పిల్లల పేర్లుండవు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడేవాడు, ఎవరూ కొట్టకముందే తానే కొట్టేవాడు, ప్రశ్నించిన ప్రతిసారి నేలచూపులు చూసేవాడు, వీరందరూ ‘మొండివాళ్లు’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు. నంద్యాల పరిస్థితి వేరు. బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడిన ఆ పట్టణములో వసతిగృహముల యువకులు ఇంటి అప్పును, తండ్రి ఆశను పుస్తకముల సంచిలోనే మోసుకొని తిరుగుతారు. ఇక వీరికి పాఠము చెప్పేవానికీ ఒక హిరణ్యకశిపుడు ఉండనే ఉన్నాడు: ఫలితముల పట్టిక. 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించినది. బెత్తము చాలవరకు మరుగున పడినది. పదిమందిలో చిన్నబుచ్చే మాట మాత్రము ఇంకా సజీవముగా ఉన్నది.

ప్రహ్లాదుని అసలు గురువు నారదుడు. భాగవతము సప్తమ స్కంధములో ఆ గురుత్వము ఎట్లు ఆరంభమైనదో గమనింపదగినది. హిరణ్యకశిపుడు తపస్సుకు మందరాద్రికి వెళ్లినప్పుడు ఇంద్రుడు గర్భవతియైన కయాధువును పట్టుకొని పోతుండగా నారదుడు అడ్డుపడి విడిపించినాడు, భర్త తిరిగి వచ్చేవరకు తన ఆశ్రమములో ఉండుమన్నాడు. ఆమె అక్కడ ఏ భయమూ లేక నివసించినది. ధర్మతత్త్వోపదేశము ఆ తరువాతి మాట. అభయము ముందు, విద్య వెనుక. ఈ క్రమము తలక్రిందులైన చోట ఎంతటి బోధనాపద్ధతియైనా వ్యర్థమే.

మరొక విశేషము. ఆ ఉపదేశమును కయాధువు కాలక్రమమున మరచినది. గర్భములోని శిశువు మరువలేదు. ఎదుట కూర్చున్న శ్రోతకు నిలువనిది, కంటికి కనబడని శ్రోతకు నిలిచినది. ఏడాది పొడుగునా వెనుక వరుసలో మౌనముగా కూర్చున్న బాలుని చూచి నిరాశ చెందే ఉపాధ్యాయునికి ఇంతకంటె ఊరట ఏమి కావలెను?

ఆళ్లగడ్డ శిల్పుల ఉలిచప్పుడు విన్న వక్తలు గురువును శిల్పితో, శిష్యుని శిలతో పోల్చుట పరిపాటి. వినసొంపైన ఉపమానమే. కాని శిల సాయంకాలము ఇంటికి వెళ్లదు. బాలుడు వెళ్తాడు, ఆ ఇంటిలో తండ్రి ఉంటాడు. తాగి కొట్టే తండ్రిని, కత్తి పట్టిన తండ్రిని బాలుని ఎదుట నిందించుట ఉపాధ్యాయునికి ధర్మాగ్రహముగానే తోచవచ్చును. బాలునికి మాత్రము అది తన మూలముపై పడిన దెబ్బ. తనను చంపించుటకు పూనుకొన్న తండ్రికి పాపవిముక్తి కలుగవలెనని నరసింహుని వరమడిగినాడు ప్రహ్లాదుడు. పీడింపబడిన బిడ్డ హృదయములో కూడ పితృప్రేమ ఎంత మొండిగా నిలిచి ఉంటుందో తెలియని గురువు ఆ బిడ్డను తెలిసికొనలేడు. పీడనను ఆపుటకు చేయవలసినదంతా చేయవలెను, అవసరమైతే అధికారుల దృష్టికి తీసికొని పోవలెను. తండ్రిని ద్వేషింపుమని మాత్రము బిడ్డకు నేర్పరాదు.

ఈ పనిలో గురువు అలసిపోతాడు. కొందరు ఆ అలసటకు వైరాగ్యమని పేరు పెట్టి ఔదాసీన్యములోనికి జారుకొంటారు. గురుశిష్యులిద్దరూ కలిసి పఠించే కఠోపనిషత్తు శాంతిమంత్రములో, ఉభయులనూ రక్షింపుమనే ప్రార్థనతోపాటు, మా నడుమ ద్వేషము పుట్టకుండుగాక అనే ప్రార్థనయు ఉన్నది. ఆ ద్వేషము పుట్టగలదని ఋషులకు తెలియును. కనుక విసుగు కలిగినదని సిగ్గుపడనక్కరలేదు. సహోపాధ్యాయునితో మనసు విప్పి చెప్పుకొని, మరునాడు మళ్లీ తరగతికి పోవచ్చును.

గురువులు గృహకార్యములపై వెళ్లిన వేళ దైత్యబాలురు ప్రహ్లాదుని ఆటకు పిలిచినారు. అతడు గద్దింపలేదు, చిరునవ్వుతో మాట్లాడినాడు. వారు ఆటవస్తువులు వదలి చుట్టూ చేరి కూర్చున్నారు. హింసనే కులవిద్యగా పొందిన ఇండ్ల పిల్లలు వారు. చండామర్కులు ఎన్నడూ పొందలేని ప్రతిఫలము అది. దానిని చూచి వారు సంతోషింపలేదు, భయపడి రాజునకు నివేదించినారు.

పిదప ప్రహ్లాదునికి పట్టాభిషేకము జరిగినది. చేసినవాడు బ్రహ్మ, ఆయనతోపాటు నిలిచిన మునులలో శుక్రాచార్యుడు ఉన్నాడు. ఆయన పుత్రుల పేర్లు ఆ ఘట్టములో వినబడవు.