ఇంటి బడిలో కొవ్వొత్తి

పిల్లలూ! ఒక కొవ్వొత్తి, ఆకువక్కల్లో వేసుకునే సున్నం కాస్త, ఒక నిమ్మకాయ, ఒక నాపరాతి ముక్క. ఈ నాలుగూ మీ ఇంట్లో దొరుకుతాయా? దొరికితే ఈ నెల పాఠానికి బడిదాకా పోనక్కరలేదు. ఈ పాఠం పుట్టిందే ఇంటివద్ద చదువుకునే పిల్లల కోసం.

కర్నూలు నగరంలో కలిసిపోయిన మా కల్లూరులో ఒక క్రైస్తవ కుటుంబం వుంది. తల్లిదండ్రులే తమ ఇద్దరు బిడ్డలకూ చదువు చెప్పుకుంటున్నారు. పొద్దున్నే ప్రార్థన, తరువాత తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, అన్నీ సాగుతున్నాయి. సైన్సు దగ్గర మాత్రం బండి ఆగింది.

"అయ్యవారూ, నేను ఎనిమిదో తరగతి వరకే చదివినాను. సైన్సంటే సీసాలూ గొట్టాలూ కావల్లంట గదా?" అన్నది తల్లి.

తండ్రి భయం వేరు. "అదంతా చదివితే పిల్లలు దేవుణ్ణి మరిచిపోతారేమో!"

ఈ రెండు భయాలకూ నాకు ఒక్క మనిషే గుర్తుకు వచ్చాడు. ఆయన మైకేల్ ఫారడే. 1791లో లండను దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టాడు. బడిచదువు అంతంతమాత్రం. పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో ఏడేళ్ళు పని నేర్చుకున్నాడు. అక్కడికి కుట్టుపనికి వచ్చిన పుస్తకాలను చదివేవాడు. వాటిలో జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం ఒకటి. అందులో ఒక తల్లివంటి ఆవిడ ఇద్దరు ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని, మాటల్లో శాస్త్రం చెబుతుంది. ఫారడే దానిని చదివి వూరుకోలేదు. అందులోని మాటలు నిజమో కాదో చేతనైన చిన్న చిన్న ప్రయోగాలతో పరీక్షించి చూచుకున్నాడు. ఇల్లాలి మాటల్లోంచి అంతటి శాస్త్రజ్ఞుడు తయారయ్యాడు చూచారా!

ఇక తండ్రి మాట. ఫారడే గొప్ప భక్తుడు. తన చిన్న క్రైస్తవ సంఘంలో పెద్దగా కూడా వ్యవహరించాడు. ఆయనే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలను కూర్చోబెట్టి, ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు చెప్పాడు. మంట పైకే ఎందుకు పోతుందని అడిగితే, "దేవుడు అట్లా చేశాడు" అని ఆయన పాఠం ముగించలేదు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, మంటను తనతో లాగుతుంది అని చూపించాడు. దేవుడు చేశాడన్నది ఆ ఇంటివారి విశ్వాసం. ఎట్లా జరుగుతున్నదన్నది వేరే ప్రశ్న. మొదటి జవాబు చెప్పి రెండో ప్రశ్న నోరు మూయించడం నాకు సమ్మతం కాదు. ఆ తండ్రితోనూ అదే అన్నాను.

సరే, పని మొదలుపెడదాం. పెద్దవాళ్ళు పక్కన వుండాలి సుమా!

కొవ్వొత్తి వెలిగించి, కాస్సేపాగి ఆర్పండి. తెల్లని పొగ లేస్తుంది. వెంటనే వెలుగుతున్న అగ్గిపుల్లను ఆ పొగకు తాకించండి. మంట పొగమీదుగా దిగివచ్చి వత్తిని అంటుకుంటుంది! ఆ పొగే మైనపు ఆవిరి. మండేది వత్తి కాదు, ఆ ఆవిరి అన్నమాట. చల్లని గాజుగ్లాసును మంటకు కాస్త పైన బోర్లించి పట్టుకోండి. లోపల చెమ్మ పడుతుంది. నిప్పులోంచి నీళ్ళు!

ఇప్పుడు సున్నాన్ని నీళ్ళలో కలిపి, రాత్రంతా కదపకుండా వుంచండి. పైన తేరిన తేటను మాత్రం వంచుకోండి. (తాగకూడదు, కంట్లో పడనీయకూడదు.) వెలుగుతున్న కొవ్వొత్తి మీద వెడల్పు మూతి సీసాను బోర్లించండి. మంట ఆరిపోగానే సీసాను తీసి, కాస్త సున్నపుతేట పోసి, మూత పెట్టి కుదపండి. తేట పాలవలె తెల్లబడుతుంది. కొవ్వొత్తి మండినప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు చేసిన పని అది. ఇప్పటి పుస్తకాల్లో దీని పేరు కార్బన్ డయాక్సైడు. ఆ తెల్లని పొడి ఏమిటనుకున్నారు? మన ఇళ్ళలో పరిచే నాపబండలో ముఖ్యంగా వుండే పదార్థమే!

నమ్మకం లేకపోతే బండముక్కను మేకుతో గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు వస్తాయి. రాతిలో దాగిన వాయువు బయటపడుతున్నది. నాపబండమీద నిమ్మరసం పడితే మచ్చ ఎందుకు పడుతుందో మీ అమ్మను అడగండి. ఆమెకు ముందే తెలిసివుంటుంది, కారణమే ఎవరూ చెప్పివుండరు.

ఇదే వాయువు కలిసిన వాననీరు యుగాల తరబడి రాతిని కరిగించి, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను తొలిచింది. వాటి పొడవు 3,229 మీటర్లు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలూ సున్నపురాతివే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడూ, ఆయన కొడుకు హెన్రీ 1884 ప్రాంతంలో వాటిని తవ్వి, ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. వాటిలో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. తండ్రీ కొడుకులు కలిసి చేసిన ఇంతమంచి పాఠం మన జిల్లాల్లో ఇంకొకటి నాకు తెలియదు.

ఇక్కడే ఆ ఇంటి పెద్దపిల్ల చిక్కుప్రశ్న వేసింది. "తాతా, బైబిల్లో సృష్టి ఆరు దినాల్లో అయిందని వుంది. ఈ రాతి వయసెంత?"

తండ్రి నా ముఖం చూచాడు. మన నాపరాళ్ళు యాభై కోట్ల ఏళ్ళకు పైబడినవి అని వున్నమాట చెప్పాను. యురేనియం ఒక లెక్క తప్పకుండా నెమ్మదిగా సీసంగా మారుతుంది, రాళ్ళ వయసు కట్టే గడియారాల్లో అదొకటి అనీ చెప్పాను. ఆ దినాలు మన దినాల వంటివి కావని పదహారు వందల ఏళ్ళ కిందటే సెయింట్ అగస్టీన్ అనే క్రైస్తవాచార్యుడు తలచాడు. ఆ సంగతి ఆమె తండ్రితో మాట్లాడుకోవాలి, అది నా పాఠం కాదు. అయితే తండ్రితో విడిగా ఒక మాట అన్నాను: "నాయనా, రేపు ఈ బిడ్డ ఓపెన్ స్కూలు పరీక్షకు పోతుంది. నర్సు కావాలంటున్నది. నీవు దాచిన పేజీ అక్కడ ఎవరో తెరుస్తారు. ఆ రోజు ఆమె రాతిని కాదు, నిన్ను అనుమానిస్తుంది." ఆయన జవాబు చెప్పలేదు. పుస్తకంలో ఆ పాఠం మాత్రం చించలేదు.

ఇంటిబడికి ఒక లోపం వుంది. "కాదు, తప్పు" అనే పక్కబల్ల పిల్లవాడు అక్కడ వుండడు. అందుకని అక్కాతమ్ముళ్ళకు చెరొక నోటుపుస్తకం ఇప్పించాను. ప్రయోగానికి ముందే ఎవరి వూహ వారు రాసుకోవాలి, ఒకరిది ఒకరు చూడరాదు. వీలైతే పొరుగు పిల్లలనూ పిలవాలి.

వాళ్ళకిచ్చిన ప్రశ్నే మీకూ ఇస్తున్నాను. పొట్టి కొవ్వొత్తి ఒకటి, పొడుగుది ఒకటి పక్కపక్కన వెలిగించి, రెంటిమీదా ఒకే పెద్ద గాజు సీసాను బోర్లిస్తే ముందు ఏది ఆరుతుంది? అక్క పొట్టిది అని రాసింది, తమ్ముడు పొడుగుది అని రాశాడు. మీరూ ముందు రాసుకోండి, తరువాతే అగ్గిపుల్ల గీయండి.