బళ్ళారి ఉత్తరాన్ని చివరిదాకా చదవండి

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకి ఒక ఉత్తరం రాశాడు. ధరంపాల్ పుస్తకం ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ (1983)లో అది దొరుకుతుంది. దాన్ని తెగ వాడేస్తున్నాం, ఎవరికి కావల్సిన ముక్క వాళ్ళు చింపుకుని.

స్వర్ణయుగం బ్యాచ్‌కి 533 అనే అంకె చాలు. ఇప్పటి అనంతపురం కూడా కలిసున్న ఆ జిల్లాలో అన్ని బడులు: కన్నడవి 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒకే ఒక్కటి. ఒక పంతులు, ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లలు, చిన్నవాళ్ళకి చెప్పే పెద్దపిల్లలు. చూడముచ్చటగానే ఉంది. కానీ జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు, చదువుతున్నది 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై.

అవతలి బ్యాచ్ ఆ అరవై దగ్గర ఆగిపోయి పుస్తకం మూసేస్తుంది.

ఇద్దరూ దాటేసే పేజీల్లో అసలు విషయం ఉంది. చదువు ఎందుకు క్షీణించిందో క్యాంబెల్ చెప్తాడు: విదేశీ బట్ట వచ్చి నేతపని దెబ్బతింది, జనం బీదవాళ్ళయ్యారు, పాత పాలకులిచ్చిన ఆసరా పోయింది. ఆ 533లో ఒక్కదానికీ సర్కారు పైసా ఇవ్వడంలేదని సిగ్గుపడుతూ ఒప్పుకుంటాడు. పిల్లలు అర్థం తెలీకుండా పద్యాలు వల్లెవేస్తున్నారనీ అంటాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి, తెలీక అన్నమాట కాదు.

ఇప్పుడు భాగహారం చేయండి. బడికి పన్నెండు మంది. ఈరోజు పన్నెండు మంది ఉన్న బడిని ‘గిట్టుబాటు కాదు’ అంటున్నాం. 2022లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 పెట్టి, చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని ఊరిబడి నుంచి తీసి హైస్కూళ్ళకి పంపింది. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలి. ఉన్నది ఒక్కరైతే ఐదు తరగతులూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ, హాజరు యాప్ అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. అది చూసి, కాస్త డబ్బున్నవాళ్ళు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కిస్తారు. సంఖ్య తగ్గుతుంది. తగ్గిందని మూసేస్తాం. సర్వర్‌కి కరెంటు తీసేసి, ట్రాఫిక్ రావట్లేదని రిపోర్టు రాసినట్టుంది ఇది.

మిగిలేది ఎవరు? బస్సు ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలు. వాళ్ళలోనూ దూరం అనగానే ముందు చదువు మానిపించేది ఆడపిల్లనే. రెండొందల ఏళ్ళనాటి ఆ అరవై మంది లెక్క చూసి జాలిపడేవాళ్ళం, ఇది చూడలేమా?

ఒంటిగది బడిని పూజించనక్కర్లేదు. రెండో టీచర్ని వేయండి, రెండో గది కట్టండి. ఆ తర్వాత కూడా పిల్లలు రాకపోతే, అప్పుడు మూసేసే మాట మాట్లాడదాం.