గుండు ఎత్తే తీరు

కర్నూలు జిల్లా పడమటి పల్లెలలో పండుగలకూ జాతరలకూ గుండు ఎత్తే పోటీలు జరగడం కద్దు. మాధవరం, మంత్రాలయం మొదలుకొని ఎమ్మిగనూరు, ఆదోని వరకు విస్తరించిన ఆ ప్రాంతంలో నున్నని రాతిగుండును భుజానికెత్తిన యువకుని చూసి ఊరంతా చప్పట్లు కొడుతుంది. ఆ కరతాళధ్వనులలో ఒక ప్రశ్న వినబడకుండా పోతుంది. అతడు గుండును ఎత్తాడు సరే, ఎట్లా ఎత్తాడు?

బలాన్ని ఎత్తిన బరువుతోనే కొలవడం లోకంలో అలవాటైపోయింది. వెన్నును విల్లులా వంచి, ఒక్క ఊపుతో లేపినవాడూ విజేతే. కాని శరీరం లెక్క వేరు. బరువు ఒంటికి ఎంత దూరమైతే నడుముపై భారం అంత పెరుగుతుంది. ఇది భౌతికశాస్త్రంలో చదివే తులాదండ సూత్రమే. తుంటిని, మోకాళ్లను వంచి, గుండును పొట్టకు హత్తుకొని లేచినప్పుడు ఆ భారాన్ని తొడలు, పిరుదులు పంచుకొంటాయి. ఆదోని మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఈ సూత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. తీరు తప్పితే మరునాటి కూలి పోతుందన్న భయమే అతని గురువు.

2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలుచుకొన్నది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. తన బరువుకు రెండింతలకు చేరువైన ఇనుమును తలపైకి ఎత్తడం కండ ఒక్కదాని ప్రతాపం కాదు. ఇనుపకడ్డీని ఒంటికి రాసుకొంటున్నట్లుగా పైకి తెచ్చే ఒడుపు ఏళ్ల సాధనకు గాని పట్టుబడదు. కండబలం మగవారి సొత్తని నమ్మేవారు ఆ తేదీని గుర్తుంచుకోవడం మంచిది.

భీముడనగానే బకాసురుని బండెడన్నమే అందరికీ గుర్తుకు వస్తుంది. అతడు బలరాముని వద్ద గదాయుద్ధం అభ్యసించాడన్న సంగతి గుర్తుండదు. నేటి యువకుల తొందరా అటువంటిదే. తొలి వారాలలో పెరిగే బలం చాలావరకు నాడీవ్యవస్థ నేర్చుకొన్న పాఠం. అద్దంలో కనబడే కండకు నెలలు పడుతుంది. అంతకాలం వేచి ఉండలేక కొందరు డబ్బాలలోని పొడులను, మరికొందరు స్టెరాయిడ్ సూదిమందులను ఆశ్రయిస్తున్నారు. రెండూ ఒకటి కావు. 100 గ్రాముల వేరుశనగలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుండగా, పప్పు, పాలు, గుడ్డు అందుబాటులో ఉండగా, పొడి చాలామందికి డబ్బు దండుగ. సూదిమందు అట్లా కాదు. అది ఎదిగే వయసులో ఎముకల పెరుగుదలను ముందే ఆపివేయగలదు. గుండెను, కాలేయాన్ని దెబ్బతీయగలదు. శరీరం స్వయంగా తయారుచేసుకొనే హార్మోనును అణచివేస్తుంది.

5 నుండి 17 ఏళ్ల వారు వారానికి కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఆ వయసువారే. మధ్య రోజుల విశ్రాంతి సోమరితనం కాదు. శ్రమించిన కండ మరమ్మతు పొంది పెరిగేది అప్పుడే.

ఏడాదికొక రోజున ఒకే పెద్ద గుండును ముందుంచి యువకులను పిలవడంలోనే పొరపాటున్నది. ఊరి గుడి ముంగిట చిన్నదాని నుండి పెద్దదాని వరకు అయిదు గుండ్లు ఏడాది పొడుగునా ఉండాలి. ఒకదానిని తీరు చెడకుండా పదిసార్లు ఎత్తగలిగాకే రెండవదానిని తాకాలి. పోటీలోనూ నడుము వంచి కుదిపి లేపినవానికి బహుమతి నిరాకరించాలి. మొదటి ఏడు జనం గోల చేయవచ్చు; ఫలానావారి అబ్బాయికి అన్యాయం జరిగిందని రచ్చబండ వద్ద పంచాయితీ కూడా నడవవచ్చు. అయినా ఆ నియమం పెట్టవలసినదే.