నాన్నలాగే అయిపోతానా?

ప్రశ్న: మాది హుకుంపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగాను. సెలవులిస్తే పిల్లలంతా గంతులేసేవాళ్ళు, నాకు గుండెదడ. ఒక్క లెక్కల మేస్టారే దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. ఇప్పుడు ఉద్యోగముంది, పెళ్ళి కుదిరింది. కానీ ఎవరు గొంతు పెంచినా ఒళ్ళు మండిపోతుంది. మొన్న సంతలో ఒకతని మీద చెయ్యెత్తాను. చూసుకుంటే అది నాన్న చెయ్యిలా కనిపించి, దించేశాను. నేనూ అంతేనా?
– పేరు వద్దు, హుకుంపేట

జవాబు: తమ్ముడూ, సినిమాలో దెబ్బలు తిన్న పిల్లాడు టైటిల్స్ అయిపోయేలోగా పరుగెత్తుతూనే ఆరడుగుల హీరో అయిపోతాడు. మధ్యలో పాతికేళ్ళు ఏమయ్యాయో ఎవరూ చూపించరు. నువ్వడిగింది ఆ పాతికేళ్ళ సంగతే!

భయంలో పెరిగిన పిల్లాడి ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తుంటుంది. ఇల్లు మారినా ఆ కాపలా మానదు. నీకొచ్చే కోపం చాలావరకు ఆ పాత భయమే. ఇది ఏజెన్సీ పల్లెలకే పట్టిన బాధ కాదు. 1998లో అమెరికాలో డాక్టర్ ఫెలిట్టి బృందం ప్రచురించిన పరిశోధనలో సగానికి పైగా జనం చిన్నప్పుడు ఇలాంటిదేదో ఒకటి పడ్డవాళ్ళే. నాలుగైదు రకాలు పడ్డవాళ్ళలో తాగుడు, దిగులు ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఇది తలరాత కాదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ నలభై ఏళ్ళ వయసుదాకా గమనించారు. కష్టాల కొంపల్లో పెరిగినవాళ్ళలోనూ మూడోవంతు మంది చక్కగా నిలబడ్డారు. చిన్నప్పుడు వాళ్ళకు అమ్మమ్మో, టీచరో, ఆదరించే మనిషి ఒకరు దొరికారు. నీకు లెక్కల మేస్టారు దొరికినట్టే!

నవ్వుల రాజు చాప్లిన్ సంగతి చూడు. తండ్రి తాగుబోతు, తల్లికి మతి చలించింది, ఏడేళ్ళకే అనాథల్లా వర్క్‌హౌస్ పాలు. ఆ ఆకలినే 1921లో ‘ది కిడ్’గా తీశాడు. అంత పేరొచ్చినా మూడు పెళ్ళిళ్ళు విడాకులయ్యాయి. 1943లో ఊనాతో కట్టుకున్న కాపురం మాత్రం 1977లో ఆయన పోయేదాకా నిలిచింది. ఆలస్యమైనా కుదురుకోవచ్చు.

పెళ్ళికి ముందే ఆ అమ్మాయితో అంతా చెప్పు. కోపమొస్తే అక్కణ్ణుంచి లేచి నడు. మందు జోలికి పోకు. మేస్టారిని ఒకసారి చూసిరా. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

చివరిగా ఒక్కమాట. నువ్వు ఎత్తిన చేతిని చూసుకుని దించేశావు. మీ నాన్న దించలేదు. తేడా అక్కడే మొదలైంది, తమ్ముడూ.